రుచి చూసేవాడిదే ధర – హెర్బల్ టీ బల్ల దగ్గర మన కుర్చీ ఏది?



ఈమధ్య పట్నంలో ఏ సూపర్ మార్కెట్‌కైనా వెళ్లి టీ ప్యాకెట్లు పెట్టే అర చూడండి. ఒకప్పుడు రెండు మూడు రకాల టీ పొడి ఉండేది, అంతే. ఇప్పుడు తులసి అల్లం, నిమ్మగడ్డి పుదీనా, మందార, చామంతి, మునగాకు... వరస పెట్టి ఉంటాయి. ప్యాకెట్ మీద కొండ బొమ్మ, పొగమంచు బొమ్మ. కొన్నిటి మీద ఆదివాసీ అమ్మ బొమ్మ కూడా. అంటే బొమ్మలో మనం ఉన్నాం. ఆకు ఏరిన చోట మనం ఉన్నాం. కానీ ఆ ఆకును వేడినీళ్లలో వేసి, రుచి చూసి, "ఇది మొదటి రకం, ఇది రెండో రకం, దీనికి ఇంత, దానికి ఇంత" అని తేల్చే బల్ల దగ్గర మనం లేము. ఈ పోస్టు ఆ బల్ల గురించే.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. మన పిల్లలు ఆకు ఏరడం కొత్తగా నేర్చుకోనక్కర్లేదు, అది మన అమ్మలకూ అవ్వలకూ తెలిసిన పనే. నేర్చుకోవాల్సింది రుచి చూడటం, చూసిన రుచికి పేరు పెట్టడం, ఆ పేరును కాగితం మీద రాయడం. అది చేతకానంతవరకు ఎన్ని సహకార సంఘాలు పెట్టినా, ఎన్ని పథకాలు వచ్చినా మనం కిలోల లెక్కన ముడిసరుకు మోసేవాళ్లుగానే మిగిలిపోతాం.

ముందు ఒక చిన్న విషయం తేల్చుకుందాం. టీ అంటే కెమెల్లియా సైనెన్సిస్ అనే ఒకే ఒక్క మొక్క ఆకు. బ్లాక్ టీ, గ్రీన్ టీ, తెల్ల టీ అన్నీ ఆ మొక్కవే, ఆకును ఆరబెట్టి పులియనిచ్చే తీరులోనే తేడా. ఆ ఆకుకి వేరే వాసన పట్టిస్తే అది ఫ్లేవర్డ్ టీ. మల్లె టీ చేసేవాళ్లు రాత్రంతా ఆకు మధ్య మల్లెపూలు పరిచి, పొద్దున పూలు తీసేసి, మళ్లీ కొత్త పూలు పరుస్తారు. ఎర్ల్ గ్రే అనేదానికి బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్క నూనె పట్టిస్తారు. మన అల్లం, యాలకుల మసాలా టీ కూడా ఈ కోవలోదే. అసలు టీ ఆకే లేకుండా ఆకులు, పూలు, వేర్లు, బెరళ్లు మరిగించి తాగేదాన్ని టిసేన్ అంటారు. బజారులో దాన్నే హెర్బల్ టీ అంటున్నారు. మన ఊళ్లలో దానికి ఎప్పటినుంచో ఉన్న పేరు కషాయం. జలుబు చేస్తే అవ్వ తులసి, మిరియాలు మరిగించి ఇచ్చేది చూడండి, అదే.

ఇప్పుడు చరిత్రకి వద్దాం. ఇది మనోళ్లలో చాలామందికి తెలియదు. ఈ దేశంలో టీ వ్యాపారం ఒక ఆదివాసీ నాయకుడి ఆతిథ్యంతో మొదలైంది. అస్సాం ఎగువన సింగ్‌ఫో అనే తెగ ఉంది. వాళ్లు అడవిలో పెరిగే టీ ఆకును తెంపి, వేయించి, వెదురు బొంగుల్లో కూరి, పొయ్యి మీద పొగ పట్టించి దాచుకుంటారు. దాన్ని ఫలాప్ అంటారు. 1823లో సింగ్‌ఫో నాయకుడు బీసా గామ్ ఈ మొక్కను రాబర్ట్ బ్రూస్ అనే బ్రిటిష్ వర్తకుడికి చూపించాడు. 1839 వచ్చేసరికి లండన్ వేలంలో అస్సాం టీ అమ్ముడుపోయింది, అదే ఏడు అస్సాం కంపెనీ పుట్టింది. అంటే పదహారేళ్లు. ఆ పదహారేళ్లలో మొక్క చేతులు మారింది, భూమి చేతులు మారింది, ఆకు పేరు మారింది. చూపించినవాడి తెగకు కంపెనీలో వాటా లేదు.

ఆ తర్వాత తోటల్లో పనికి మనుషులు కావాలి కదా. ఛోటానాగ్‌పూర్ నుంచి సంతాల్, ముండా, ఉరావ్ వాళ్లను, మన వైపు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచీ జనాన్ని కూలీలుగా తీసుకెళ్లారు. వాళ్ల మనవళ్లు, మునిమనవళ్లు ఇప్పటికీ అక్కడ తోటల్లో ఆకు తెంపుతున్నారు. ఝార్ఖండ్‌లో ఎస్టీ అయిన తెగ అస్సాం టీ తోటలో ఎస్టీ కాదు. తరతరాలుగా ఆ పోరాటం నడుస్తోంది. మనం పొద్దున్నే తాగే టీ గ్లాసు వెనక ఇంత కథ ఉంది.

ఈ కథలో రుచి చూసే బల్ల ఎక్కడ వచ్చిందంటారా? టీ వేలం జరిగే తీరు చూడండి. కోల్‌కతాలో గానీ, గువాహతిలో గానీ, కూనూరులో గానీ సరుకు వేలానికి వచ్చే ముందు బ్రోకర్ కంపెనీలోని టేస్టర్లు ప్రతి లాట్‌నూ కాచి, చూసి, విలువ కడతారు. పొడవాటి బల్ల మీద వరసగా తెల్ల పింగాణీ కప్పులు ఉంటాయి. టేస్టర్ చెంచాతో ద్రవం తీసుకుని సర్రున చప్పుడయ్యేలా పీలుస్తాడు, నోరంతా తిప్పుతాడు, ఊసేస్తాడు. ఒక్కో కప్పు దగ్గర కొన్ని సెకన్లే ఉంటాడు. అతను రాసిన నాలుగు మాటల మీద ఆ లాట్ ధర నిలబడుతుంది. ఆకు తెంపిన మనిషికి ఆ నాలుగు మాటలు ఏమిటో తెలియవు. నష్టం మొదలయ్యేది ఇక్కడే.

మరి ఇది మార్చలేనిదా? మార్చడానికి ప్రయత్నించినవాళ్లు ఉన్నారు. దక్షిణాఫ్రికా సంగతి వినండి. అక్కడ సెడర్‌బర్గ్ కొండల్లో రూయిబోస్ అనే పొద పెరుగుతుంది. దాని సన్నటి ఆకులను కోసి, నలగ్గొట్టి, తడిపి పులియనిచ్చి, ఎండబెడితే ఎర్రగా మారుతుంది. కెఫీన్ ఉండదు. ఇప్పుడు ప్రపంచమంతా హెర్బల్ టీ పేరుతో తాగే వాటిలో అది పెద్ద పేరు. ఆ మొక్క సంగతి ముందు తెలిసినవాళ్లు ఖోయ్, సాన్ అనే అక్కడి మూలవాసులు. 1904 నుంచి దాని వ్యాపారం వేరేవాళ్ల చేతిలో నడిచింది. 2010లో సాన్ కౌన్సిల్ మా జ్ఞానానికి మా వాటా ఏదని అడిగింది. ఏళ్ల తరబడి చర్చలు జరిగాయి. చివరికి 2019 నవంబర్‌లో ఒప్పందం కుదిరింది. రైతు దగ్గర రూయిబోస్ కొనే ధరలో 1.5 శాతం లెక్కన కంపెనీలు కట్టాలి, ఆ డబ్బు ఖోయ్, సాన్ సమాజాలకు చెరి సగం వెళ్లాలి.

1.5 శాతం ఏపాటిది అనొచ్చు. తక్కువే. కానీ ఒక పరిశ్రమ మొత్తం "ఈ జ్ఞానం మీది" అని సంతకం పెట్టడం చిన్న విషయం కాదు. ఇంకోటి చూడండి. అదే రూయిబోస్‌కు స్టెలెన్‌బాష్ యూనివర్సిటీ వాళ్లు 2012లో ఒక రుచుల చక్రం తయారుచేశారు. తేనె వాసన, కట్టె వాసన, పూల వాసన ఉంటే మంచి లక్షణం. పచ్చిగడ్డి వాసన, ఎండుగడ్డి వాసన, బూజు వాసన వస్తే లోపం. ఇలా ఒక్కో రుచికీ వాసనకీ పేరు పెట్టి గుండ్రటి బొమ్మలో పేర్చారు. ఆ పేర్లు ఉంటే "సరుకు బాగాలేదు" అని ఊరికే అనేసి ధర తగ్గించడం కుదరదు. ఏ లోపం, ఎంత, ఎక్కడ వచ్చింది అని అడగొచ్చు. మాట ఉన్నవాడికి బేరం ఉంటుంది.

ఇక్కడే మనకో బలం ఉందని మేము అనుకుంటున్నాం. మన దగ్గర మాటలకు కరువు లేదు. వగరు అనే మాటే తీసుకోండి. పచ్చి ఉసిరికాయ కొరికితే నాలుక పట్టుకుపోయినట్టు ఉంటుందే, అది. టీ టేస్టింగ్‌లో అదే ముఖ్యమైన లక్షణం. ఇంగ్లీషులో దానికి పుస్తకాల మాట వెతుక్కోవాలి, మన ఇంట్లో చిన్నపిల్లకీ తెలుసు. కమ్మదనం, ఘాటు, చప్పదనం, కనరు, మక్కిన వాసన, కమురు వాసన, ఇవన్నీ మనకు రోజూ వాడే మాటలు. కోయలో, గోండీలో, కువిలో, సవరలో ఇంకా ఎన్ని ఉన్నాయో. అడవిలో ఏ పుట్టగొడుగు తినొచ్చు, ఏది తినకూడదు అని వాసనతో చెప్పే అవ్వలు మన ఊళ్లలో ఉన్నారు. ఆ ముక్కు, ఆ నాలుక ఏ డిప్లొమాకీ తీసిపోవు. రాసి పెట్టడం ఒక్కటే తక్కువైంది.

మేము కొంతమంది హాస్టల్ పిల్లలం కలిసి ఇది చిన్నగా మొదలుపెట్టాం. పెద్ద సామాను ఏమీ లేదు. ఒకే సైజు తెల్ల కప్పులు, నగల షాపుల్లో వాడేలాంటి చిన్న కాటా, ఒక నోట్‌బుక్. టీ రుచి చూడటానికి ఐఎస్ఓ 3103 అనే అంతర్జాతీయ పద్ధతి 1980 నుంచి ఉంది. 100 మిల్లీలీటర్ల నీళ్లకు 2 గ్రాముల ఆకు, మరిగిన నీళ్లు పోసి మూతపెట్టి 6 నిమిషాలు. అది టీ ఆకు కోసం రాసిందే అయినా మేము మన ఆకులకూ దాన్నే కొలతగా పెట్టుకున్నాం. కొలత ఒకటే ఉంటే ఈ వారం కప్పునూ వచ్చే వారం కప్పునూ పోల్చొచ్చు. ఎవరు ఏ కప్పులో ఏం వేశారో తెలియకుండా కింద నెంబర్లు రాస్తాం. చక్కెర వేయం, పాలు పోయం. ముందు ఎండు ఆకు వాసన, తర్వాత తడి ఆకు వాసన, తర్వాత ద్రవం రంగు, చివరికి రుచి. ఒకరి మాట ఒకరు వినకుండా ఎవరి నోట్‌బుక్‌లో వాళ్లు రాస్తారు, ఆ తర్వాతే కలిపి చదువుకుంటాం.

ఇలా చూస్తే తెలిసిన సంగతులు కొన్ని చెప్తాం. ఒకే చోట కోసిన నిమ్మగడ్డి, సగం నీడలో ఆరినది, సగం రోడ్డు మీద ఎండలో ఎండినది. నీడలో ఆరినదానికి రంగు పచ్చగా, వాసన ఘుమ్మని ఉంది. ఎండలోది గడ్డి నీళ్లలా ఉంది. తులసి కూడా అంతే, ఎండ దాని వాసన నూనెను లాగేస్తుంది. పొయ్యి మీద అటకలో దాచిన ఆకుకి పొగ వాసన పట్టింది. కొంతమందికి అది నచ్చింది, సింగ్‌ఫో వాళ్లు కావాలని పట్టించేది అదే మరి. కానీ కావాలని పట్టించిన పొగ వేరు, తెలియక పట్టిన పొగ వేరు. కొనేవాడికి ఆ తేడా మనమే చెప్పగలగాలి. కరక్కాయ ముక్క కొంచెం ఎక్కువైతే కప్పంతా వగరే, పక్కన ఏ రుచీ నిలవదు. కాబట్టి అది చిటికెడు పడాల్సిన సరుకు.

మన ఏజెన్సీలో దీనికి సరుకు ఏముంది అంటారా? పాడేరు, చింతపల్లి వైపు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాలు ఉన్నాయి. పిప్పలి ఉంది, అల్లం ఉంది, పసుపు ఉంది. ఉసిరి, కరక్కాయ, తానికాయ అడవిలో ఉన్నాయి. కాఫీ పండు పైతొక్క ఉంది. పల్పింగ్ చేసి గింజ తీసుకున్నాక ఆ తొక్కను చాలావరకు పారబోస్తారు, లేదా ఎరువు గుంటలో వేస్తారు. యెమెన్‌లో అదే కాఫీ తొక్కను అల్లంతో మరిగించి కిషర్ అని తాగుతారు. వేరే దేశాల్లో కాస్కరా పేరుతో అమ్ముతున్నారు. శుభ్రంగా, వేగంగా ఆరబెట్టగలిగితే మనం పారేసేది ఒక సరుకు అవుతుంది. దానిలో కెఫీన్ ఉంటుంది, ఆ సంగతి ప్యాకెట్ మీద నిజాయితీగా రాయాలి.

అరకు కాఫీ మనకు దగ్గరి ఉదాహరణ. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు ముందే 2017లో పారిస్‌లో అరకు పేరుతో షాపు తెరిచారు. కాఫీలో కప్పింగ్ అని రుచి చూసి వందకి మార్కులు వేస్తారు, 80 దాటితే స్పెషాల్టీ కాఫీ. ఆ మార్కు వచ్చాకే ధర మారుతుంది. మా ప్రశ్న ఒక్కటే. ఆ మార్కు వేసే గదిలో కొండ మీద పండు కోసిన ఇంటి పిల్ల ఎంతమంది ఉన్నారు? కాఫీలో ఆలస్యం అయింది. హెర్బల్ టీలో ఇంకా ఆట మొదట్లోనే ఉంది.

ఇక అభ్యంతరాలు. మాలోనే వాదన జరిగింది, దాచడం ఎందుకు.

మొదటిది, "మన మందు మొక్కలను అమ్మకానికి పెట్టడమేమిటి? అది వెజ్జుల జ్ఞానం, బజారుకి ఎక్కించకూడదు" అని ఒక అక్క గట్టిగానే అంది. ఆమె మాటలో నిజం ఉంది. అందుకే ఒక గీత గీసుకోవాలి. తాగే సరుకు వేరు, మందు వేరు. నిమ్మగడ్డి, తులసి, అల్లం, మిరియం అందరికీ తెలిసినవే, వాటితో రహస్యం ఏమీ బయటపడదు. రోగానికి వాడే వేరు, బెరడు సంగతి వేరు. ఊరి పెద్దలు, గ్రామసభ సరే అంటే తప్ప వాటిని ఏ నోట్‌బుక్‌లోనూ రాయకూడదు, ఏ కంపెనీ మనిషికీ చెప్పకూడదు. కేరళలో కాణి తెగ కథ గుర్తుంచుకోవాలి. 1987లో అగస్త్యమల కొండల్లో శాస్త్రవేత్తలకు దారి చూపిస్తూ కాణి వాళ్లు అలసట లేకుండా నడవడానికి ఒక మొక్క పండ్లు తిన్నారు. అదే ఆరోగ్యపచ్చ. దాని నుంచి జీవని అనే మందు వచ్చింది. వచ్చే లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం కాణి వాళ్లకు ఇచ్చేలా ఏర్పాటు జరిగింది, దానికోసం 1997లో ట్రస్టు కూడా పెట్టారు. ప్రపంచం దాన్ని ఆదర్శంగా చెప్పుకుంది. కానీ మొక్క చూపించిన రోజు కాణి వాళ్ల చేతిలో ఏ కాగితమూ లేదు. వాటా తర్వాత ఎవరో ఇస్తే వచ్చింది. మనకు కాగితం ముందు ఉండాలి.

రెండోది, "గిరాకీ వస్తే అడవి ఖాళీ అవుతుంది." ఇదీ నిజమే. మారేడు గడ్డలే చూడండి. నన్నారి షర్బత్‌లో వేసే ఆ వేరుకి వెనీలాను తలపించే వాసన. టీ బ్లెండ్‌లో అద్భుతంగా ఉంటుంది. కానీ అది వేరు. గడ్డ మొత్తం తవ్వితే తీగ చస్తుంది. ఇప్పటికే ఆ తీగ అడవిలో తగ్గిపోతోంది. కాబట్టి మా మాట ఇది: ఆకు, పువ్వు, కాయ ముందు. వేరు, బెరడు చివర. అది కూడా పెరట్లోనో పొలం గట్టునో పెంచినదైతేనే. ఎంత కోయాలి, ఏ నెలలో కోయకూడదు అనేది గ్రామసభ తీర్మానం చేయాలి.

మూడోది తమ్ముళ్లు అన్నది. "మనోళ్లు పాలు, చక్కెర వేసిన టీ తాగుతారు. ఈ గడ్డి నీళ్లు ఎవరు తాగుతారన్నా?" నవ్వుకున్నాం. కానీ ప్రశ్న సరైనదే. మనం తాగనిదాన్ని మనం బాగా చేయలేం. ఉట్నూరు వైపు ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేస్తున్నారు. ఆ రుచి వాళ్ల ఇంట్లో ముందునుంచీ ఉంది కాబట్టి చేయగలుగుతున్నారు. మన హాస్టల్లో, మన పండగలో, మన మీటింగుల్లో ప్లాస్టిక్ కప్పులో చక్కెర నీళ్లకు బదులు మన కషాయం పెట్టడం మొదలుపెడదాం. ముందు మన నాలుక తిరిగి రావాలి.

చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది దయ కాదు, హక్కు. 1996 పెసా చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల యాజమాన్యం గ్రామసభకు, పంచాయతీకి ఇవ్వాలంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(సి) ఆ ఉత్పత్తులను సేకరించి, వాడుకుని, అమ్ముకునే హక్కు ఇచ్చింది. అదే చట్టంలో సెక్షన్ 3(1)(కె) ఉంది, అది మనోళ్లు తక్కువగా మాట్లాడుకుంటారు. జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద, మేధో సంపత్తి మీద సామూహిక హక్కు అది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. మీ పంచాయతీలో ఆ కమిటీ ఉందా? రిజిస్టర్ ఎవరు రాశారు? అందులో మీ ఊరి అవ్వ పేరు ఉందా, లేక ఎక్కడో కూర్చుని నింపేశారా? వెళ్లి అడగండి.

వ్యవస్థలూ ఉన్నాయి. గిరిజన సహకార సంస్థ, జీసీసీ, 1956 నుంచి ఉంది. 2018లో వన్‌ధన్ కేంద్రాలు వచ్చాయి, సుమారు 300 మంది సేకరణదారులు ఒక కేంద్రంగా కలిసి సరుకుకు విలువ జోడించాలన్నది ఆలోచన. విలువ జోడించడం అంటే మిషన్, ప్యాకెట్, స్టిక్కర్ అని చాలామంది అనుకుంటున్నారు. స్టిక్కర్ ఎవరైనా అంటిస్తారు. కప్పులో ఉన్నది మంచిదా కాదా అని చెప్పగలిగే మనిషి ఆ కేంద్రంలో ఉంటే, అదీ విలువ. అలాంటి మనిషి ప్రతి కేంద్రంలో ఒక్కరు ఉండాలి, ఆ ఒక్కరు మన పిల్లే అయి ఉండాలి. ఇదే మా డిమాండ్.

ఇంకో హెచ్చరిక. "షుగర్ తగ్గిస్తుంది, క్యాన్సర్ పోతుంది" అని ప్యాకెట్ మీద రాసే ఆశ పడకండి. అది చట్టానికి తప్పు, మన అవ్వల జ్ఞానానికి అవమానం కూడా. రుచి బాగుందని చెప్పి అమ్మితే చాలు. రుచి అబద్ధం ఆడదు.

ఇప్పుడు మనం చేయగలిగినవి చెప్తాం. ఈ సెలవులకు ఊరెళ్లినప్పుడు ఇంట్లో తాగే ఆకు నీళ్లు ఏమున్నాయో అమ్మనీ అవ్వనీ అడగండి, మందు సంగతులు కాదు, తాగేవి మాత్రమే. వాటి రుచికి మీ భాషలో ఏ మాట వాడతారో ఆ మాటే రాసుకోండి, తెలుగులోకి మార్చకండి. నీడలో ఆరబెట్టిన గుప్పెడు ఆకు, కోసిన ఊరు, తేదీ రాసిన చీటీతో తీసుకురండి. జిల్లాకో చిన్న రుచి బృందం పెట్టుకుందాం. అన్ని భాషల మాటలు కలిపి మన రుచుల చక్రం మనమే గీసుకుందాం. అది మన పేరు మీద, మన గ్రామసభల అనుమతితో ఉండాలి.

బీసా గామ్ టీ మొక్క చూపించిన నాటికి, లండన్‌లో అమ్ముడుపోయిన నాటికి మధ్య పదహారేళ్లే. ఇవాళ హెర్బల్ టీ వ్యాపారం అంతకంటే వేగంగా నడుస్తోంది. ఆకు మనది, కొండ మనది. దాని రుచి ఎలా ఉందో చెప్పే మాట కూడా మనదే కావాలి.

జై జోహార్. జై ఆదివాసీ.